ఇరవై నాలుగు గంటల రేసు, నాలుగు గంటల బ్యాటరీ

ఇదొక మహాగాథ. ఇందులో ఒక రాత్రీ ఒక పగలూ ఆగకుండా పరుగెత్తే అరవై కార్లున్నాయి. వాన ఉంది, నిప్పు ఉంది. భూమికి రెండు మైళ్ళ కింద ముప్పై ఏళ్ళు పనిచేసి తిరిగొచ్చిన ఒక వీరుడున్నాడు.

అని మొదలుపెట్టాలని నాకూ ఉంది. కానీ కార్లు ఫ్రాన్సులో ఉన్నాయి, వాన కూడా అక్కడే పడింది. వీరుడు మా తాత, మంచం మీద ఉన్నాడు. నేను కేజీఎఫ్ బంగారు గనుల పక్కన చాంపియన్ రీఫ్స్‌లో, గని కూలీలకు కట్టిన మా లైను ఇంటి ముందుగదిలో లుంగీ కట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. ఈ కథ మొత్తంలో నేను చేసిన సాహసం ఒక ప్లగ్గు పెట్టడం.

ఆ రేసు ఏడాదికి ఒకసారి వస్తుంది. మన లెక్కన శనివారం సాయంత్రం ఏడున్నరకు మొదలై ఆదివారం సాయంత్రం ఏడున్నరకు అయిపోతుంది. కాలేజీ రోజుల నుంచీ చూస్తున్నాను. కార్లు ఒకే దారిలో గుండ్రంగా తిరుగుతుంటే రోజంతా ఎలా చూస్తావని ఆఫీసులో అడుగుతారు. నేను వారానికి అయిదు రోజులు కేజీఎఫ్ నుంచి బెంగళూరుకు రైల్లో పోయి వస్తాను. అదే దారిలో తిరగడం నాకు వింతేమీ కాదు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరీక్షించడం, అంటే పక్కవాడి తప్పు వాడికంటే ముందు పట్టుకోవడం. ఈ మాట గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

తాత ఈ రేసులోకి మూడేళ్ళ కిందట వచ్చాడు. ఒక్కో కారును ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారని నేను చెప్పగానే లేచి కూర్చున్నాడు.

“ముగ్గురికి ఒకే బండా? అట్లయితే ఇది రేసు కాదప్పా, షిఫ్టు.”

అప్పట్నుంచి ఆయన నాకంటే పెద్ద అభిమాని. ముందున్న కార్లు ఆయనకు అక్కర్లేదు. అన్నిటికంటే వెనక, ఏదో చిన్న గ్యారేజీవాళ్ళు నడిపే పసుపు కారు ఒకటుంటుంది. ఏటా ఎక్కడో ఒకచోట పొగ వదిలి ఆగిపోతుంది. తాత దాన్నే చూస్తాడు. రేసు అయిపోయాక ఎవరు గెలిచారని అడగడు. “దిగినోళ్ళంతా పైకొచ్చినారా?” అని అడుగుతాడు. అదంతా నేల మీదే జరుగుతుంది తాతా, పైకి రావడానికి ఏమీ లేదు అని చెప్పి చూశాను. వినలేదు.

గనిలో దిగేటప్పుడు ప్రతివాడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఇచ్చేవాళ్ళట. పైకి వచ్చాక దాన్ని తిరిగి ఇవ్వాలి. సాయంత్రానికి ఏ బిళ్ళ రాలేదో ఆ మనిషి ఇంకా లోపల ఉన్నట్టు లెక్క. గని మూసేసిన రోజు తాత తన బిళ్ళ ఇవ్వకుండా జేబులో వేసుకుని ఇంటికి వచ్చేశాడు. కాబట్టి కాగితాల ప్రకారం ఆయన ఇప్పటికీ కిందే ఉండాలి. ఎవరూ వెతకడానికి రాలేదు.

ఆయన ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము. “బంగారం పైకి పంపిస్తిమి, దుమ్ము మేము ఉంచుకుంటిమి” అని నవ్వేవాడు, నవ్వాక అయిదు నిమిషాలు దగ్గేవాడు. పోయిన ఏడాది నుంచి గాలిలోంచి ఆక్సిజన్ తీసి సన్న గొట్టంలో పంపే మిషన్ మంచం పక్కన పెట్టాం. అది ఆగితే పది నిమిషాల్లో పెదవులు నల్లబడతాయి. కరెంటు పోతే నడవడానికి ఇన్వర్టర్ పెట్టించాం. బిగించినాయన నాలుగు గంటలు వస్తుందని చెప్పాడు. ఆ తర్వాత ఇంకా ఏదో చెప్పాడు గానీ నేను ఆ ముక్క పట్టుకుని లోపలికి వచ్చేశాను.

తాతను ఒంటరిగా వదలకూడదు కనుక నాయన, అమ్మ, నేను వంతులు వేసుకున్నాం. తాతే పద్ధతి పెట్టాడు. ఎవరి వంతైతే వాళ్ళ జేబులో ఆ ఇత్తడి బిళ్ళ ఉండాలి. చేతి నుంచి చేతికే ఇవ్వాలి, బల్ల మీద పెట్టిపోకూడదు. బిళ్ళ జేబులో ఉన్నంతసేపూ రెప్ప వాల్చకూడదు. మా ఇంట్లో ఒక్క మనిషి పడుకోవడానికి గనిలో రెండు వేల మందికున్నన్ని రూల్సు ఉండేవి.

ఈ ఏడాది శనివారం సాయంత్రం తాత, నాయన, నేను కూర్చుని మొదలు చూశాం. పసుపు కారు చిట్టచివర బయలుదేరింది. తాత సంతృప్తిగా తల ఊపాడు. రాత్రి నాయన వంతు. పొద్దున ఎనిమిది నుంచి నా వంతు, ఎందుకంటే అమ్మా నాయనా క్యాసంబళ్ళిలో ఒక నిశ్చితార్థానికి వెళ్ళి మధ్యాహ్నం రెండుకు తిరిగి రావాలి. అమ్మ నన్ను తొందరగా పడుకోమని రెండుసార్లు చెప్పింది. నేను పక్కగదిలో ఫోన్ పట్టుకుని తెల్లారేదాకా చూశాను. కారులో కూర్చున్నవాళ్ళు మూడేసి గంటలు నడిపి, దిగి, పోయి పడుకుంటారు. చూసేవాడికే ఆ తెలివి ఉండదు.

ఎనిమిదికి నాయన బిళ్ళ నా చేతిలో పెట్టాడు. పది నుంచి ఒంటి గంట దాకా కరెంటు తీస్తారని ముందురోజే ఫోన్లకు మెసేజీ వచ్చింది. మామూలుగా ఇంట్లో ఒక ఆక్సిజన్ సిలిండరు కూడా ఉంటుంది, కానీ అది నింపడానికి పోయింది, సోమవారం వస్తుంది. నాయన గుమ్మం దగ్గర ఆగి, నిశ్చితార్థం మానేద్దామా అన్నాడు. నేను ఆయనకు లెక్క చెప్పాను. కరెంటు పోయేది మూడు గంటలు, బ్యాటరీ నాలుగు, మనకు ఒక గంట మిగులు. రేసుల్లో పెట్రోలు లెక్క కట్టే నిపుణులు మాట్లాడే గొంతుతోనే చెప్పాను. నాయన నమ్మి బస్సెక్కాడు.

పదికి కరెంటు పోయింది. మిషన్ ఆగలేదు, ఇన్వర్టర్ అందుకుంది. టీవీ ఆగింది. పసుపు కారు అప్పటికే అరగంటగా షెడ్డులో ఉంది, ఏడెనిమిది మంది దాని కింద దూరి ఉన్నారు. అలాంటి సమయంలో చూడకుండా ఎట్లా? మిషన్ పెట్టిన ప్లగ్గు పక్కన, ఇన్వర్టర్ లైనులోనే, ఇంకో ప్లగ్గుంది. దానికి ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి టీవీ, రౌటరు, నా ల్యాప్‌టాప్, తాతకు ఉక్కగా ఉంటుందని టేబుల్ ఫ్యాన్ పెట్టాను. మా టీవీ పాతది, వెనక చేయి పెడితే కాలుతుంది. టీవీ పెట్టేనా తాతా అని అడిగాను. ఆయన చెయ్యి ఊపాడు. వద్దనో, నీ ఇష్టమనో. నేను దాన్ని పెట్టమని అర్థం చేసుకున్నాను.

పన్నెండు ప్రాంతంలో పసుపు కారు ఇంకా షెడ్డులోనే ఉంది. నాకు గుర్తున్నది అంతే.

కలలో ఏదో బీప్ బీప్‌మని మోగుతోంది. ఎవరో జాకీ ఎత్తుతున్నారు, టైరు బిగిస్తున్నారు, ఇంకో ల్యాపు తిరిగొచ్చాక చూద్దాం అని నేనే ఎవరికో చెబుతున్నాను. నన్ను లేపింది ఆ బీప్ కాదు. టంగ్, టంగ్, టంగ్. కాస్త ఆగి మళ్ళీ మూడు. తాత స్టీలు గ్లాసుతో మంచం కోడును కొడుతున్నాడు. గనిలో గంట మూడుసార్లు కొడితే మనుషులున్నారు, పైకి లాగండి అని అర్థమని చిన్నప్పుడు నాకు ఆయనే నేర్పాడు. దాంతో ఇంట్లో ఆడుకునేవాళ్ళం.

టీవీ చీకటిగా ఉంది. ఫ్యాను ఆగింది. మిషన్ ఆగింది. తాత పెదవుల రంగు రాయను.

తర్వాత జరిగినదాంట్లో వీరత్వమేమీ లేదు. ఎదురింటాయనది ఆటో. తాతను రెండు చేతుల్లో ఎత్తుకుని వీధి దాటాను. బరువు లేడు. నా లుంగీ గేటు దగ్గర ఊడిపోతే ఆటోయన సర్ది కట్టాడు. ఆస్పత్రి గేటు దాటుతుంటే వరండాలో ఫ్యాన్లు తిరగడం మొదలైంది. సరిగ్గా ఒంటి గంట. నాకు తెలిసి కరెంటువాళ్ళు చెప్పిన సమయానికి ఇచ్చింది ఆ ఒక్కరోజే.

మాస్కు పెట్టిన గంటకు తాత కళ్ళు తెరిచాడు. నా చొక్కా జేబులో వేళ్ళు పెట్టి ఏదో వెతుక్కున్నాడు. బిళ్ళ దొరికింది. దాన్ని పిడికిట్లో పెట్టుకుని, మాస్కు కాస్త పక్కకు జరిపి చెప్పాడు.

“షిఫ్టులో నిద్రపోయినోడి కాడ బిళ్ళ ఉండకూడదప్పా.”

కోపంగా అనలేదు. రూలు చెప్పాడు.

మూడింటికి అమ్మా నాయనా పరుగెత్తుకుంటూ వచ్చారు, అమ్మ ఇంకా పట్టుచీరలోనే ఉంది. ఏమైందని నాయన నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోగా తాత అందుకున్నాడు.

“కరెంటు పోయినాది, బ్యాటరీ దిగిపోయినాది. వీడు ఎత్తుకోని పరిగెత్తకుండా ఉంటే నేను యాడ ఉందును?”

నాయన నా భుజం తట్టాడు. అమ్మ నా తల నిమిరింది. నేను నిమిరించుకున్నాను. నా ఉద్యోగం ఏమిటో పైన చెప్పాను కదా.

సాయంత్రం ఏడున్నరకు వార్డు బయట నిలబడి ఫోన్లో చూశాను. పసుపు కారును ఎలాగో అతికించి చివర్లో బయటికి తోశారు. అందరికంటే వెనక, కుంటుకుంటూ గీత దాటింది. లోపలికి పోయి తాత చెవిలో, వచ్చినాడు తాతా, అందరికంటే కడాగా వచ్చినాడు అని చెప్పాను. ఆయన బిళ్ళతో మంచం కమ్మీ మీద ఒకసారి కొట్టాడు. ఒకసారి కొడితే ఆపు అని అర్థం. చాలు, వెళ్ళి పడుకో అన్నాడనుకున్నాను.

తాత ఇంటికి రాలేదు. పదకొండో రోజు పొద్దున పోయాడు. ఊపిరితిత్తులు ఎలాగూ అయిపోవచ్చాయి, ఆదివారం దానికి సాకు మాత్రమే అని డాక్టరు నాయనకు చెప్పాడు. ఎన్ని నెలలుండేవాడని నేను అడిగాను. అది ఎవరూ చెప్పలేరన్నాడు. ఆస్పత్రివాళ్ళు పాలిథిన్ కవర్లో పళ్ళసెట్టు, తువ్వాలు, ఇత్తడి బిళ్ళ ఇచ్చారు. బిళ్ళను నాయన ముందుగదిలో మేకుకు తగిలించాడు. నేను దాన్ని ముట్టుకోలేదు. నిద్రపోయిన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇది చదివితే వాళ్ళకు తెలుస్తుంది.

పోయిన వారం ఇన్వర్టర్ బిగించినాయన బ్యాటరీ చూడటానికి వచ్చాడు. ఆ రోజు నేను వినకుండా లోపలికి పోయిన మాట ఏమిటని అడిగాను. ఆయన మూత తిప్పుతూనే చెప్పాడు. మిషన్ ఒక్కటే పెడితే నాలుగు గంటలు. టీవీ, ఫ్యాను లాంటివి కలిపితే రెండున్నరే. ఇంకో విషయం, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మూడు నెలలకోసారి పోయాలి.