అత్తయ్యనే అడగలేదు

పోయిన నెల బెజవాడ ఆసుపత్రి నుంచి మనిషి వచ్చి మా అత్తయ్య పోయిందని చెప్పాడు. ఊరంతా తలరాత అంటోంది. నేను అనను. నాకు ఒళ్లు మండుతోంది.

ఆమె మా నాన్న చెల్లెలు. మాది కొల్లేట్లో చేపలు పట్టుకుని బతికే ఇల్లు. అత్తయ్య తెల్లారకుండానే చేపల గంప ఎత్తుకుని బెజవాడ బస్సెక్కేది. నా చదువు ఆ గంప మీదే సాగింది. జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే మాకు ఇట్టే ఆగే నెత్తురు ఆమెకు పొద్దుగూకినా కారేది. అందుకే రొంటిన పాత చీర పీలిక ఒకటి దోపుకునేది. "నా నెత్తురికి నిలకడ లేదు, నాకుంది, చాలదా?" అని నవ్వేది. చిగుళ్లూ, ముక్కూ చిన్నప్పటి నుంచీ అంతే. ఇంట్లో దానికి పెట్టిన పేరు వేడి. మజ్జిగ తాగించి ఊరుకునేవాళ్లు.

పోయే ముందు కొన్ని నెలలుగా విరేచనంలో నెత్తురు పడుతుంటే గవర్నర్‌పేటలో ఒక డాక్టరుకు చూపించారు. పెద్దపేగు చివర తొడిమ ఉన్న చిన్న కణితి ఉందనీ, గొట్టం పెట్టి, తీగ ఉచ్చు బిగించి, కరెంటుతో కాల్చి తీసేస్తాననీ చెప్పాడాయన. నెత్తురు ఆగని జబ్బేమైనా ఉందా అని అడిగాడు కూడా. ఎవరిని? పక్కన నిలబడ్డ మా పెదనాన్నను, అంటే ఆమె అన్నను. మా ఇళ్లలో డాక్టరు ముందు ఆడమనిషి రోగం మగవాడే చెబుతాడు.

"అబ్బే, అలాంటివేం లేవండీ. కాస్త వేడి శరీరం, అంతే," అన్నాడట. అత్తయ్య ఏదో అనబోతే చేత్తో వారించాడట.

కణితి తీసిన చోట నెత్తురు ఆగలేదు. అప్పుడు చెవి తమ్మెకు సూది గుచ్చి, నెత్తురు ఎంతసేపటికి ఆగుతుందో చూశారు. నెత్తురు గడ్డకట్టించే కణాలు పుట్టుకతోనే పనిచేయడం లేదన్నారు. ముందే తెలిస్తే తాజా రక్తం సిద్ధం చేసుకుని మొదలుపెట్టేవాణ్ణి, లేదా మద్రాసు పంపేవాణ్ణి అన్నాడు డాక్టరు. ఆ సూదేదో ముందే గుచ్చితే ఏం పోయేదండీ? మంచం మీది మనిషిని ఒక్క మాట అడిగితే ఏం పోయేది? చుట్టాలు వచ్చి రక్తం ఇచ్చారు గానీ అప్పటికే ఆలస్యమైంది.

"నన్నడిగితే చెప్పేదాన్ని కదమ్మా," అంది అత్తయ్య, నేను ఆసుపత్రికి వెళ్లి చూసిన ఆఖరిసారి, నా చెయ్యి పట్టుకుని. కోపంగా కూడా అనలేదు. ఆ కోపం నాకు వదిలి వెళ్లింది.

పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర పెదనాన్న మనవరాలికి ముక్కు నుంచి నెత్తురు కారింది. వేడి చేసిందిలే, మజ్జిగ పట్టండి అన్నాడాయన. నేను పిల్లను ఒళ్లోకి లాక్కుని, నేను దాచుకున్న అత్తయ్య చీర పీలికతో ముక్కు అదిమిపట్టి, ఇలా ఎప్పుడెప్పుడు వస్తుందమ్మా అని ఆ పిల్లనే అడిగాను.

పిల్ల నోరు తెరిచింది. తెరిచి, ముందు తాత ముఖంలోకి చూసింది.