మేస్త్రి పరిచిన నేల

టైల్స్ మేస్త్రి మోకాళ్ళు వంచితే వచ్చే చప్పుడుకి పక్క సందులో పడుకున్న కుక్క లేచి చోటు మార్చుకునేది. అబద్ధమనుకుంటే ఆ కుక్కనే అడగండి. మీసం మొలిచిన నాటి నుంచి ఆయన పరిచిన నేలనంతా కలిపి కుడితే చందమామకి దుప్పటి వస్తుంది, కాళ్ళ దగ్గర కొంచెం మిగులుతుంది కూడా. అంత నేల పరిచినవాడికి సొంతింట్లో మాత్రం ఒట్టి సిమెంటు గచ్చే.

ఈమధ్య ఆయన్ని అరగదీస్తున్నది టైల్స్ కాదు, కూతురి చదువు. కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చేస్తానంది పిల్ల. పని మానుకుని ఊళ్ళో కాలేజీలన్నీ ఎక్కీ దిగీ తండ్రికి నడుమూ, కూతురికి ఉత్సాహమూ పడిపోయాయి. చివరికి రెండు మిగిలాయి. రెండింటిలోనూ సీటుంది. ఏది కావాలో ఇవాళ సాయంత్రంలోగా చెప్పాలి.

ఒకటి పెద్ద కాలేజీ. దాని ఆవరణ ఎంత పెద్దదంటే, లోపలికొచ్చిన వాన బయటికి దారి తెలియక అక్కడే ఉండిపోతుంది. అందులో హాలు నేల మేస్త్రి పరిచిందే. నిన్న చూసి ఇంటికి రాగానే భార్య అడిగింది.

"పాఠాలు ఎలా చెప్తారంట?"

"సందుల్లో సిమెంటు ఇంతకూడా ఊడలేదే."

"పాఠాలయ్యా!"

"గోళీ పెడితే పెట్టినచోటే నిలబడుతుంది, తెలుసా?"

"నువ్వు కాలేజీ చూడ్డానికెళ్ళావా, నీ పనితనం చూసుకోడానికెళ్ళావా?"

కాలేజీవాళ్ళు తిప్పి చూపించినంతసేపూ మేస్త్రి వంచిన తల ఎత్తితే కదా! కంప్యూటర్లని అద్దం తలుపు బయటి నుంచే చూపించారని కూతురు చెప్పింది. ఆయనకి ఆ గుమ్మం దగ్గర టైలు ముక్క ఎంత చక్కగా కుదిరిందో అదొక్కటే గుర్తుంది. ఆయన కోరిక చిన్నదే. తను మోకాళ్ళ మీద పాకిన నేల మీద తన పిల్ల చెప్పులేసుకుని దర్జాగా నడవాలి.

రెండోది చిన్న కాలేజీ. ఇవాళ మెట్లెక్కి పైకి రాగానే మేస్త్రి అలవాటుగా వంగి, వేలి కణుపుతో నేలని తట్టాడు. డొల్ల, కింద సిమెంటు సరిగా పట్టలేదు. పక్క టైలు తట్టాడు. అదీ డొల్లే.

"పద చిట్టీ, పోదాం. ఇది నేల కాదు, డోలు."

"నాన్నా, లే. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. వాళ్ళకీ తెలియాలిగా."

గదిలో గుప్పెడుమంది పిల్లలు ఒకే కంప్యూటర్ చుట్టూ మూగి ఉన్నారు. మధ్యలో కూర్చున్న టీచరమ్మ తలెత్తింది. "కాలేజీ చూడ్డానికొచ్చావా? రామ్మా. పొద్దుటి నుంచి ఈ ప్రోగ్రాం మమ్మల్ని ఏడిపిస్తోంది. తప్పెక్కడుందో నాకూ దొరకట్లేదు. నువ్వూ ఓ చెయ్యి వెయ్యి," అని పక్క కుర్చీ లాగింది.

"నాకూ తెలీదనే టీచర్ని ఇప్పుడే చూస్తున్నా," అని గొణిగాడు మేస్త్రి. వినడానికి కూతురు పక్కన లేదు. వెళ్ళి కూర్చుంది.

ఆయన వరండాలో గోడకి ఆనుకుని చతికిలబడ్డాడు. కాసేపాగి పిలుద్దామనుకున్నాడు. ఇన్నాళ్ళ అలసటా ఒక్కసారే వచ్చి ఒళ్ళో కూర్చుంది. ఆ గురకకి పైకప్పు లేచి లేచి మళ్ళీ సర్దుకుంది.

చప్పట్లకి మెలకువ వచ్చింది. గదిలో కూతురు తెర మీద వేలు పెట్టి వాదిస్తోంది. "కాదు మేడం, పైది సరిపోయింది. కిందది ఇంకా తప్పే."

"ఏదీ, చూపించు," అని టీచరమ్మ ముందుకి వంగింది.

నిన్న ఆ పెద్ద హాల్లో పిల్ల ఒక్క మాటైనా మాట్లాడిందా? మేస్త్రి ఎంత బుర్ర గోక్కున్నా గుర్తు రాలేదు. నేల చూశాడు గానీ పిల్ల మొహం చూడలేదు.

చాలాసేపటికి కూతురు బయటికొచ్చింది. "నాన్నా, నీకిష్టం లేకపోతే అక్కడే చేరతాలే. నువ్వేసిన నేలేగా."

మేస్త్రి లేవబోయాడు. మోకాళ్ళు మొరాయించాయి. కూతురు చెయ్యందించింది.

"ఆ నేల ఎక్కడికీ పోదులే, కదలకుండా వేశా. లోపలికెళ్ళి, ఇక్కడే చేరతానని చెప్పిరా."

కూతురు పరిగెత్తింది. ఆయన గోడ పట్టుకుని నిలబడి, ఇంతసేపూ తను కూర్చున్న టైలుని మడమతో తట్టాడు. డొల్లే. ఇవన్నీ పీకి మళ్ళీ పరవడం ఎవరి మోకాళ్ళకి రాసిపెట్టుందో అని నిట్టూర్చాడు. ఎవరి మోకాళ్ళో ఆయనకి తెలియనిదేం కాదు.