పొఖరా ఆసుపత్రిలో మంద పిలుపు

మా మహిళా సంఘం వాళ్లకు ఫోన్లో డబ్బు పంపడం నేర్పేది నేనే. బేస్తవారిపేట చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా మొదట చెప్పే మాట ఒకటే: ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, కన్నకూతురి గొంతుతో అడిగినా చెప్పొద్దు, ఇప్పుడు గొంతులు కూడా దొంగిలిస్తున్నారు. ఇంట్లో నాయనకు అన్నం పెడుతూ ఇదే పాఠం ఎన్నిసార్లు చెప్పానో! ఆయన తల ఊపి మజ్జిగ పోయమనేవాడు. వింటున్నాడో లేదో తెలియక నాకు ఒళ్లు మండేది.

పోయిన ఏడాది పదిమందిమి కలిసి నేపాల్‌లో ముక్తినాథ్ యాత్రకు వెళ్లాం. అక్కడ నా సిమ్ పనిచేయాలంటే వేరే ప్యాక్ వేయించుకోవాలన్నారు. ఆ ఖర్చెందుకని, పిసినారి బుద్ధి, సిమ్ తీసి నాయన బటన్ ఫోన్లో రెండో సిమ్‌గా వేసి, అక్కడికి పోయాక ఆ దేశపు సిమ్ కొనుక్కున్నాను. అందరికీ జాగ్రత్తలు చెప్పేదాన్ని, నా తెలివి అంతవరకే.

కొండ దిగి పొఖరా ఊరు చేరేసరికి మాతో వచ్చిన మా పెద్దమ్మకు ఆయాసం పట్టుకుంది. పెదాలు నల్లబడ్డాయి. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు గానీ, వార్డులో చేర్చుకోవాలంటే ముందు కొంత కట్టమన్నారు. అందరి చేతుల్లో ఉన్నది కలిపినా చాలలేదు. ఫోన్లో నా కార్డు నంబరు కొట్టాను. కొత్త దేశం నుంచి కడుతున్నారు, మీరేనని రుజువు చేసుకోండి, మీ నంబరుకు ఓటీపీ పంపాం అని వచ్చింది. ఆ నంబరేమో వెలిగండ్ల వైపు బీళ్లలో, గొర్రెల వెనక, నాయన జేబులో ఉంది! గడువు ఐదు నిమిషాలు. వెంటనే నాయనకు ఫోన్ చేశాను.

"నాయనా, నేను. ఇప్పుడొక మెసేజి వచ్చింటాది, అందులో నంబరు చదువు."

"నేనంటే ఎవురు?"

"నీ కూతుర్ని! పెద్దమ్మకు బాగలేదు, ఆసుపత్రిలో ఉండాం."

"అట్లనే చెప్తారంట. ఆసుపత్రి అంటారంట, ఏడుస్తారంట. ఈ నంబరు కూడా మా పాపది కాదు. పెట్టెయ్ ఫోను."

"నా గొంతు నీకు తెలీదా?"

"గొంతులు గూడ ఎత్తకపోతాండారంట. మా పాపే చెప్పినాది."

నెత్తి గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పుట్టిన తేదీ చెప్పాను, ఇంటి నంబరు చెప్పాను. "అయ్యన్నీ ఆధార్ కార్డులో ఉండేటియే" అని కొట్టిపారేశాడు. బల్ల మీద పడుకున్న పెద్దమ్మ నా కొంగు పట్టుకుని ఊపిరి ఎగపీలుస్తోంది. నాకు ఏడుపొచ్చేసింది.

ఆ ఏడుపు విని, "సరే, స్పీకరు పెడ్తాండా. మందను పిలువు" అన్నాడు.

గొర్రెలు కాసే ఇళ్లలో ఒక్కో ఇంటికి ఒక్కో పిలుపు ఉంటుంది. నీళ్ల దగ్గర రెండు మందలు కలిసిపోతే, ఎవరి పిలుపు వాళ్లు పిలుస్తారు. ఎవరి గొర్రెలు వాళ్ల వైపు వచ్చేస్తాయి. మాది మా అవ్వ నాయనకు నేర్పింది, నాయన నాకు నేర్పాడు. నాలుక ఆడిస్తూ మొదలుపెట్టి, చివర్న గొంతు చీల్చుకుని పైకి లాగాలి.

ఆసుపత్రి హాల్లో నలభై మంది ఉన్నారు. సిగ్గుపడే తీరికెక్కడిది? లేచి నిలబడి, ఉన్న ఊపిరంతా పెట్టి పిలిచాను. హాలంతా నా వైపు తిరిగింది. ఏమైందోనని లోపల్నుంచి ఒక నర్సు పరిగెత్తుకొచ్చింది. ఫోన్లో మొదట ఒక గొర్రె అరిచింది, ఆ తర్వాత మంద మందంతా అందుకుంది. గిట్టల చప్పుడు దగ్గరకొస్తోంది.

"వస్తాండాయి! ఫోను కాడికే వస్తాండాయి!" నాయన కేక పెట్టాడు. "నువ్వే పాపా. రాసుకో."

అంకెలు ఒక్కొక్కటే చదివాడు. ఇంకా అర నిమిషం మిగిలుండగానే డబ్బు వెళ్లిపోయింది. పెద్దమ్మను వార్డులోకి తీసుకుపోయారు. సాయంత్రానికి లేచి కూర్చుని కాఫీ అడిగింది.

ఎన్ని ఊళ్లలో ఎంతమందికి పాఠం చెప్పానో గానీ, మా నాయనంత గట్టిగా నిలబడే మనిషిని నేను చూడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది. ఆ మాటే చెబుదామని ఆ సాయంత్రం మళ్లీ ఫోన్ చేశాను. పెద్దమ్మ సంగతంతా అడిగి, నన్ను పొగడనివ్వకుండా ఇంకో ప్రశ్న వేశాడు.

"నువ్వు పిలిచినప్పుడు ఆడ ఎంతమంది ఉండారు?"

"నలభై మంది ఉంటారు నాయనా."

"అంతమంది ఇన్నారా? ఐతే అది ఇంక పనికిరాదు. ఊరికొచ్చినాక ఇంకోటి నేర్పిస్తా."