ఎలుగు వెంట్రుక

నా చిన్నప్పుడు మా పల్లెలో బిడ్డకు జబ్బు చేస్తే డాక్టరు కంటే ముందు గుర్తొచ్చేది ఎలుగుబంటి. నవ్వకండి. కొవ్వు కాచిన నూనె కీళ్ళ నొప్పులకు, గోరు మొలతాడుకు, ఎండబెట్టిన పిత్తం కడుపునొప్పికి, వెంట్రుక తాయెత్తులో పెట్టి దడుపు జ్వరానికి. మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, కొండ కింది పల్లెలన్నిటా పేరున్న ఎలుగు వేటగాడు. నాటుతుపాకి భుజాన వేసుకుని ఆయన వీధిలో నడుస్తుంటే, ఆయన మనవరాలినని నాకు మహా గీరగా ఉండేది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, మూడేళ్ళ మా తమ్ముడికి జ్వరం తగిలింది. రెండో రోజుకి కళ్ళు తేలేసి కాళ్ళూ చేతులూ కొట్టుకోసాగాడు. టౌను ఆసుపత్రికి తీసుకుపోదామని నాయన బండి కట్టాడు. జేజినాయన బండికి అడ్డం నిలబడ్డాడు.

“దడుచుకున్న బిడ్డకు సూదులేం జేస్తాయిరా? ఒక్క దినం ఓర్చుకో. ఎలుగును తెస్తా.”

ఆయన మాటకు ఎదురుచెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. నాయన ఎద్దులను విప్పేశాడు.

మరునాడు మధ్యాహ్నం ఇద్దరు మనుషులు ఎలుగును కర్రకు కట్టి మోసుకొచ్చారు. దాని వీపు బొచ్చు పట్టుకుని ఒక పిల్ల వేలాడుతోంది. తల్లి ఎలుగు పిల్లను వీపున ఎక్కించుకుని తిరుగుతుంది. దారి పొడుగునా లాగినా ఆ పిల్ల వదల్లేదట. తోలు ఒలవడానికి ముందు జేజినాయన పిల్ల గోళ్ళు ఆ బొచ్చులోంచి ఒక్కొక్కటే విడదీశాడు. పిల్లను గంప కింద మూశారు. అది తన పంజా తానే చప్పరించుకుంటూ సన్నగా మూలుగుతూనే ఉంది.

సాయంత్రం తమ్ముడి ఒంటికి నూనె రాశారు, మెడలో తాయెత్తు కట్టారు. తెల్లవారి పొద్దెక్కేసరికి తమ్ముడు పోయాడు. ఎలుగు పిల్ల పాలు ముట్టలేదు. మూడు రోజులకు అదీ పోయింది. మా అమ్మ మామగారి ముందు ఎన్నడూ నోరెత్తని మనిషి. ఆ రోజు ఒక్క మాట అంది. “దాని బిడ్డా పాయ, నా బిడ్డా పాయ.”

ఆ తర్వాత జేజినాయన వేటకు కొండెక్కలేదు. కానీ తాయెత్తు కోసం జనం రావడం మానలేదు. తన దగ్గర లేదని చెబితే ఇంకో వేటగాడి దగ్గరికి పోతారు, ఇంకో ఎలుగు పోతుంది, బిడ్డ సంగతి సరేసరి. అందుకని ఎవరినీ వట్టి చేతులతో పంపేవాడు కాదు. తాయెత్తు చేతిలో పెట్టి, కళ్ళెర్రజేసి చెప్పేవాడు. “ముందు పెద్దాసుపత్రికి పొయ్యి సూది ఏపిచ్చుకోని రాండి. ఆ మందు నెత్తుర్లో కలిసినంకనే ఇది కట్టాల. ముందే కడితే తిరగబడతాది.” తిరగబడుతుందన్న భయానికి బిడ్డనెత్తుకుని పరిగెత్తేవాళ్ళు. బతికిన బిడ్డలకు ఆయన పేరే పెట్టుకునేవాళ్ళు.

ఒకరోజు దొడ్లో ఆయన మా నల్లమేక మెడ కింద కత్తెరతో వెంట్రుకలు కత్తిరిస్తుంటే చూశాను.

“అది మేకది గదా జేజినాయనా?” అన్నాను.

“మేకదే పాపా. వాళ్ళు ఎంటిక కోసరం ఎంత దూరమన్నా నడుస్తారు. ఆసుపత్రి దాకా నడిస్తే సాలు.” కత్తెర కింద పెట్టి, “నేను ఆ పొద్దు నీ నాయనను నడవనియ్యలేదు,” అని ఏడ్చేశాడు. ముసలాయన అంతలా ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం. నాకూ ఏడుపొచ్చింది.

ఇప్పుడు నేను దోహాలో, అల్ హిలాల్‌లోని ఒక విల్లాలో వంటమనిషిని. అరవై దగ్గరపడ్డాయి. పోయినేడు మా విల్లా డ్రైవరు, మా జిల్లా పిల్లాడే, రొమ్ము పట్టుకుని వంటింటి గుమ్మంలో కూలబడ్డాడు. ఆసుపత్రికి పొమ్మంటే వినడు. “అన్‌ఫిట్ అని రాస్తారు పెద్దమ్మా. మాఫీ డ్యూటీ, పని లేదు, యల్లా, నడువు ఇంటికి అంటారు. మీ జేజినాయన ఎలుగు తాయెత్తు ఇచ్చేటోడంట గదా, నీకాడ ఉంటే ఈయి.”

నేను పెరట్లోకి వెళ్ళాను. అతిథుల కోసం విల్లా దొరవారు వేయించిన గుడారం ఉందక్కడ, నల్లమేక వెంట్రుకలతో నేసింది. అంచు నుంచి నాలుగు పోచలు పీకి, గుడ్డలో చుట్టి, దారం కట్టి తెచ్చాను. జేజినాయనలాగే కళ్ళెర్రజేసి, ఆయన షరతు అక్షరం పొల్లు పోకుండా చెప్పాను. టాక్సీ పిలిచి అల్ సద్‌లోని క్లినిక్‌కు తోలాను. అక్కణ్ణుంచి అతన్ని అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఇంకో గంట ఆగి ఉంటే దక్కేవాడు కాదట. భయపడ్డట్టే ఉద్యోగం పోయింది. ప్రాణంతో ఊరు చేరాడు. తాయెత్తు మహిమేనని ఇప్పటికీ ఫోన్ చేసి చెబుతాడు. సరేలే నాయనా అంటాను.

నిజమైన ఎలుగు వెంట్రుక నా దగ్గర ఒక్కటుంది. పెట్టె అడుగున, పాత రాగి తాయెత్తులో. కాటికి తీసుకుపోయే ముందు తమ్ముడి మెడలోంచి మా అమ్మ విప్పింది అదే. ఎవరెంత బతిమాలినా దాన్ని మాత్రం ఇవ్వను.