అడుగు లేని వల

"నువ్వు ముడేస్తే కోసుకోవాలే గానీ ఊడదే," అన్నాడు మా మావ, అదే మా ఆయన, ఆస్పత్రిలో నేను దోమతెర తాడు మంచానికి కడుతుంటే. "నోరు మూసుకుని పడుకో మావా," అన్నాను. పడుకున్నాడు. మా ఇద్దరి మధ్యా అవే ఆఖరి మాటలు. ఇంకాస్త మంచి మాట అనాల్సింది, నాకేం తెలుసు? (ఏడవట్లేదే, నువ్వు రాయి. రాసేది మా అన్నయ్య కూతురు, నా మొహం చూస్తే దీని పెన్ను ఆగిపోద్ది.) ఆ ముడి మాట వెనక షార్జా కథ ఒకటుంది.

ఆ రోజుల్లో మేము దుబాయ్‌లో మేడల్లో ఉన్నామని ఊళ్ళో అందరూ కుళ్ళుకునేవారు. మేడలోనే ఉండేవాళ్ళం, తుడవడానికి. రెండువేల నాలుగో, అయిదో. షార్జాలో ఓ క్లబ్బు వాళ్ళ బాస్కెట్‌బాల్ హాలు. మా ఇద్దరిదీ ఒకటే క్లీనింగ్ కంపెనీ. ఆయన పడక మగాళ్ళ క్యాంపులో, నాది అల్ నహ్దాలో ఆరుగురు ఆడాళ్ళ గదిలో. హాల్లో మాత్రం నేను కుర్చీలు తుడుస్తుంటే ఆయన కింద చెక్కనేల తుడిచేవాడు, పైనుంచి నేను చూస్తుంటే సిగ్గుపడేవాడు. అదే మా కాపురం. పని నచ్చితేనే ఉంచుతామని నాకు మూడు నెలల గడువిచ్చారు. హాలు మేనేజరు, మేం ముదీర్ అనేవాళ్ళం, ఆయన సరేనంటే అక్కడే, లేదంటే నన్ను ఎక్కడో దూరాన అల్ ఐన్‌కి పంపేస్తారు. ఇక మావ మొహం ఎప్పుడు చూస్తానో.

ఆ హాలంటే వాళ్ళకి మామూలు గౌరవం కాదు. గేటు దగ్గర సూడానీ ముసలాయన చెప్పేవాడు, ఒకప్పుడు ఎండలో సిమెంటు గచ్చు మీద మోకాళ్ళు చెక్కుకుపోతూ ఆడేవారంట, నెత్తిన ఈ హాలు కప్పు పడ్డాకే పొరుగు దేశాల జట్లు రావడం మొదలెట్టాయంట. గోడల నిండా గెలిచినోళ్ళ ఫోటోలే. రోజూ ఆ మొనగాళ్ళందరి మూతులూ తుడిచానే గానీ, ఆట మాత్రం అప్పటిదాకా ఒక్కటీ చూళ్ళేదు. ఆట మొదలయ్యేసరికి నా డ్యూటీ అయిపోయేది.

ఓ రోజు పొరుగు దేశం జట్టు వస్తుందని ముదీర్ కాళ్ళు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "చిరిగింది, మాసింది ఒక్కటి కనపడితే ఖలాస్!" అన్నాడు. మధ్యాహ్నం మావని కుర్చీలు మొయ్యడానికి పంపారు. నా పని అయిపోయింది. నా చేతులు ఊరుకుంటే గదా! పైకి చూశాను. బంతి వేసే రెండు బుట్టలకీ వల అడుగు లేదు. రెండు పక్కలా ఒకేలా చిరిగిందంటే ఎలుక పనే అనుకున్నాను. మాది వలలల్లే ఇల్లు, ఏడేళ్ళకే సూది పట్టినదాన్ని, అడుగు లేని వల చూస్తే ఒళ్ళు జెర్రులు పాకినట్టుంటది. అరిగిన టూత్‌బ్రష్ కాడ సూదిగా అరగదీసి, నైలాన్ తాడు తీసుకుని నిచ్చెనెక్కేశాను. రెండింటికీ అడుగు అల్లేశాను. దిగి చూసుకుని మురిసిపోయాను కూడా.

ఆ సాయంత్రం పనోళ్ళెవరూ డ్యూటీ దిగి పోవద్దన్నారు, నేనూ మెట్ల చివర నిలబడ్డాను. ఈలేశారు. మావాళ్ళలో తాటిచెట్టంత కుర్రాడు బంతి విసిరాడు. సరిగ్గా పడింది. పడి, అక్కడే కూచుంది. జనం అరుపు సగంలో ఆగిపోయింది. ఆటగాళ్ళు ఎగిరి బంతిని కిందనుంచి పొడుస్తున్నారు, అది ఊయల్లో పిల్లాడిలా ఊగుతుందే గానీ దిగదు. అవతల బుట్ట వంక చూశారు, అదీ అంతే. మావ నిచ్చెన ఎక్కి ముడి విప్పబోయాడు, గోళ్ళతో లాగాడు, పళ్ళతో కొరికాడు, చివరికి కత్తెర తెచ్చి కోశారు.

"కిస్‌నే కియా?" అని, ఎవరి పనిదని అరిచాడు ముదీర్. నేను మెట్లు దిగేలోపే, "మైనే కియా సాబ్," నేనే చేశానని అన్నాడు మావ, నిచ్చెన మీదనుంచే. నాకు ఒళ్ళు మండింది. "నీ మొహం! చెప్పు లేసు కూడా నేను కడితేగాని కట్టుకోలేవు, నువ్వు వల అల్లావా?" అని అక్కడే తెలుగులో తగులుకున్నాను. "ఊరుకోవే, నిన్ను పంపేస్తారే," అని పళ్ళ మధ్యనుంచి అంటున్నాడు.

ముదీర్‌కి మాటలు తెలీకపోయినా సంగతి అర్థమైంది. తాడు ముక్క మావ చేతిలో పెట్టి "అల్లు" అన్నాడు. మావ తన వేలికే ముడేసుకున్నాడు. వచ్చిన జట్టు కుర్రాళ్ళు పడీ పడీ నవ్వారు. తాడు నాకిచ్చారు. కోసినచోట గబగబా అల్లేశాను, ఈసారి అడుగు వదిలేసి. ముదీర్ ఆ ముడి లాగి చూశాడు, చాలాసేపు చూశాడు. "నువ్వు ఉండు. వలలన్నీ నీవే," అన్నాడు. తర్వాత మావ వైపు తిరిగి, "అబద్ధాలాడేవాడు నాకొద్దు. యల్లా, నడు!" అన్నాడు.

మర్నాడే మావని దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఏదో ఫ్యాక్టరీకి పంపేశారు. నాకోసమే అబద్ధమాడాడు, ఆ అబద్ధంతోనే హాలు వదిలి పోయాడు. మూడేళ్ళు శుక్రవారం శుక్రవారం బస్సు దగ్గర కలుసుకునేవాళ్ళం. "నీ నోరు ఊరుకుంటే నేనూ ఉండేవాణ్ణి," అనేవాడు ఆయన. "నీ నోరు ఊరుకుంటే ఇద్దరం ఉండేవాళ్ళం," అనేదాన్ని నేను. ఎవరి నోరో ఇప్పటికీ తేలలేదు, తేల్చడానికి ఇప్పుడాయన లేడు.

ఇరవై రెండేళ్ళ వయసులో ఉన్న ఆనాటి నేను, ఆ పిచ్చిమొహం, ఇప్పుడు ఎదురుపడితే నిచ్చెనెక్కే ముందు ఒక్కరినైనా అడగవే అని చెప్పేదాన్ని. వినదు. ఇప్పుడు నేను మాత్రం వింటున్నానా? సరే గానీ, మొత్తం ఓసారి చదివి వినిపించవే. మావ "మైనే కియా" అన్నచోట కాస్త నిదానంగా చదువు.