మెట్లెక్కిన నత్తమ్మ

ఆసుపత్రి రికార్డుల గదిలో ఆవిణ్ని అందరూ ‘నత్తమ్మ’ అనేవారు. డాక్టర్లు రాసిన జబ్బులకు కంప్యూటర్లో కోడ్‌లు వెయ్యడం ఆవిడ పని. పక్కవాళ్లు రోజుకు అరవై ఫైళ్లు దులిపేస్తుంటే, ప్రతి కాగితం చదివే ఆవిడ నలభై దగ్గరే ఆగేది. నెలనెలా గోడకు అంటించే పట్టికలో ఆఖరి పేరు ఆవిడదే. తొమ్మిదేళ్లుగా ఇదే తంతు. తప్పులు పడి తిరిగొచ్చిన ఫైళ్లలో ఆవిడది ఒక్కటీ లేదన్న సంగతి మాత్రం ఏ గోడా ఎక్కలేదు.

ఆ రోజు మూడున్నరకు ఒక ఫైలొచ్చింది. ఒకప్పటి బస్సు డ్రైవరుది. డాక్టరమ్మ రాసింది ఒక్కటే మాట: డిమెన్షియా. ఆ మతిమరుపు జబ్బు ఎందువల్ల వచ్చిందో లేదు. అలాగే వదిలేస్తే ‘కారణం తెలియదు’ అనే కోడ్ పడుతుంది. పగటిపూట ఇలాంటివాళ్లను కనిపెట్టుకునే కేంద్రంలో మిగిలింది ఒకే చోటు. నాలుగింటికి జాబితా మూసేస్తారు. వాళ్లు చూసేది కోడ్‌లనే. ఆ కోడ్‌తో చోటు దొరకడం కల్ల.

వెనక పేజీలో నర్సు రాత ఉంది: “ఈ నెల రెండుసార్లు ఇంట్లోంచి వెళ్లిపోయారు. పాత డిపోలో ‘నా బండేది?’ అని అడుగుతూ కూతురికి దొరికారు.”

“ఉన్నదానికే కోడ్ వేసెయ్ అక్కా, మనకెందుకొచ్చిన గొడవ!” అన్నాడు సూపర్‌వైజరు.

“ఆయన మళ్లీ రోడ్డెక్కితే నువ్వెళ్లి వెతుకుతావా తమ్ముడూ?”

నత్తమ్మ పైనున్న డాక్టరమ్మ గదికి పరుగందుకుంది! లిఫ్టు కోసం ఆగలేదు. మూడంతస్తులు, రెండేసి మెట్ల చొప్పున. చెప్పు తెగితే చేత్తో పట్టుకుంది.

“ఏంటమ్మా, కింద నిప్పంటుకుందా?” డాక్టరమ్మ ఉలిక్కిపడింది.

“ఈయన డిమెన్షియాకి మూలమేంటో రాయలేదండీ. నేను చెప్పకూడదు, మీరే చెప్పాలి. నర్సమ్మ రాసిందీ ఒకసారి చూడండి.”

డాక్టరమ్మ పరీక్షల కాగితాలన్నీ తిరగేసింది. “అల్జీమర్స్. రాయనేలేదా? అయ్యో, నా మతిమరుపుకి ఏ కోడ్ వేస్తావు?”

“దానికి కోడ్ లేదండీ, టీ ఉంది. ముందు సంతకం!”

కిందికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చునేసరికి మూడూ యాభై ఆరు. మొదట అల్జీమర్స్ కోడ్, దాని వెనకే డిమెన్షియాది. తలకిందులైతే ఫైలు తిరిగొస్తుంది. చివర, ఇల్లు విడిచి తిరగడానికి ఇంకొకటి. మీట నొక్కింది. రెండు నిమిషాల్లో కేంద్రం నుంచి ఫోను: చోటు ఖాయం! సూపర్‌వైజరే లేచి ఈల వేశాడు.

ఆ నెల పట్టికలోనూ ఆవిడ పేరు ఆఖరునే ఉంది.

అందుకే అడుగుతున్నాను. మీ ఆఫీసు గోడమీద వేగంతోపాటు తప్పుల్లేని పని లెక్క కూడా అంటించమని పట్టుబట్టండి. మీ ఇంటి పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్తే, ఎన్నిసార్లు దారి తప్పారో పరువుకోసం దాచకండి. జబ్బు పేరూ, దాని మూలమూ కాగితం మీద పడేదాకా కుర్చీలోంచి లేవకండి.