దొంగల కోసమని పెట్టిన కెమెరా

మా ఆవిడకి రాత్రిళ్ళు ఫిట్స్ వస్తున్నాయని మాకు తెలియడానికి రెండు నెలలు పట్టింది. వచ్చినప్పుడు ఆవిడకి స్పృహ ఉండదు కాబట్టి ఆవిడకి తెలియలేదు. పక్క మంచం మీదే ఉన్నా నేను నిద్రపోతుంటాను కాబట్టి నాకూ తెలియలేదు. నా నిద్రకి మా బంధువుల్లో కొంత పేరుంది. పొద్దున లేచేసరికి ఆవిడ నాలుక తెగి ఉండేది, దిండు మీద ఎర్రటి చుక్క. పంటి సమస్య అనుకుని మా నూజివీడులోనే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఒక పన్ను పీకాడు. ఆ పన్ను చేసిన నేరమేంటో ఇప్పటికీ తెలియదు.

ఒకరోజు తెల్లవారుజామున ఆవిడ మంచం మీంచి కింద పడింది. ఆ చప్పుడుకి నేను కూడా లేచాను. అలా తెలిసింది.

బెజవాడలో పెద్ద డాక్టరుకి చూపించాం. ఆయన ప్రశ్నలన్నీ నన్నే అడిగారు. ముందు ఏ చెయ్యి కదులుతుంది? మెడ ఎటు తిరుగుతుంది? ఎంతసేపు ఉంటుంది?

"తెలియదండీ" అని మూడుసార్లూ చెప్పాను. డిగ్రీలో వైవాకి వెళ్ళినప్పుడు కూడా ఇంత నిజాయితీగా లేను.

"రాత్రికి కెమెరా పెట్టి వీడియో పట్రండి. అది చూస్తేనే సరైన మందు తేలుతుంది. ఇప్పుడు రాసేది ఉజ్జాయింపే" అని, సోమవారం రమ్మన్నారు. ఆవిడ బయటికి వెళ్ళాక నన్ను ఆపి, "రాత్రి ఫిట్స్‌ని అశ్రద్ధ చేయకూడదండీ. ఒక్కోసారి పొద్దున లేవరు" అన్నారు. చింతలపూడిలో మామిడికాయ రేటు చెబితే విన్నట్టు విన్నాను. అలాగేనండీ అన్నాను. పార్కింగు చీటీ ఎక్కడ పెట్టానా అని జేబులు వెతుక్కున్నాను.

కెమెరా కొనడం అనేది నేను అనుకున్నంత చిన్న పని కాదు. ఫోనులో వెతికితే బల్బులాగా హోల్డరుకి బిగించేవి వచ్చాయి, గుడ్లగూబలాగా తల తిప్పేవి వచ్చాయి, పసిపిల్లల ఉయ్యాల మీదకి పెట్టేవి వచ్చాయి. పసిపిల్లలవి బాగున్నాయి కానీ ధర చూస్తే ఆ పిల్లని కాన్వెంటుకి కూడా వాళ్ళే పంపుతారేమో అనిపించింది. కొన్నవాళ్ళ అభిప్రాయాలు రెండు రోజులు చదివాను. ఒకాయన తన పిల్లి చీకట్లో చక్కగా కనపడుతోందని అయిదు నక్షత్రాలిచ్చాడు. మాకు కావలసింది తక్కువే. చీకట్లో కనపడాలి, మాట వినపడాలి, కరెంటు పోతే ఇన్వర్టరు మీద నడవాలి, నెట్ పోయినా మెమొరీ కార్డులో ఉండాలి. ఎర్ర లైటు వెలగకూడదు, ఆవిడకి నిద్ర పట్టదు. ఇవన్నీ ఉన్నదాన్ని ఎంచి, "ఇది చాలా?" అని ఆవిడకి చూపించాను.

"నేను అంత చవకా?" అంది.

"ధర పెరిగితే అందంగా చూపిస్తుందని ఎక్కడా రాయలేదు" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వించాలని అనలేదు, అలవాటు కొద్దీ అన్నాను.

బిగించడానికి మనిషి కావాలి. మా బామ్మర్దికి హనుమాన్ జంక్షన్‌లో సీసీ కెమెరాల షాపుంది. మైలవరం దాకా మామిడికాయల గోడౌన్లలో సగం కెమెరాలు అతను పెట్టినవే. అతన్ని పిలవకపోతే పుట్టింటివాళ్ళకి కోపం, పిలిస్తే ఫిట్స్ సంగతి తెలుస్తుంది. వాళ్ళ చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. అక్కకి ఫిట్స్ అంటే చెల్లెలి గురించి కూడా ఆరా తీస్తారని మా ఆవిడ భయం.

"దొంగల కోసమని చెప్పండి" అంది.

నమ్మదగిన అబద్ధమే. నేను మామిడికాయల వ్యాపారిని. సీజనులో మా హాల్లో సగం మేర వరిగడ్డి పరిచి ఇంటికీ చుట్టాలకీ రసాలు మగ్గేస్తాం. ఎండాకాలం కూలరు హాల్లోనే కాబట్టి మిగతా సగంలో మా రెండు మంచాలు.

బామ్మర్ది వచ్చాడు. గడ్డిని చూశాడు, కిటికీలు చూశాడు.

"ఇంట్లో కాయలకి కూడా దొంగలేంటి బావా?"

"రసాలు కదా" అన్నాను.

"మీరున్నారుగా ఇక్కడే."

"నేను ఉండటం వల్లే కెమెరా."

అతను ఒప్పుకున్నాడు. నా నిద్ర అతనికీ తెలుసు. గంటలో బిగించి, నా ఫోనులో యాప్ పెట్టి, ఒక బుట్ట కాయలు తీసుకుని వెళ్ళాడు.

మర్నాడు పొద్దున ఆవిడ నాలుక మళ్ళీ తెగి ఉంది. వీడియో తెరిచాను. గడ్డి పోచపోచా కనపడుతోంది. ఏ కాయ పండిందో ఏది ఇంకా పచ్చిదో చెప్పొచ్చు. నా మంచం కూడా సగం కనపడుతోంది. ఆవిడ మంచం ఉండాల్సిన చోట నల్లటి గడి. మూడున్నర ప్రాంతంలో ఆ నల్లటి గడిలోంచి మంచం కోళ్ళు నేలకి కొట్టుకుంటున్న చప్పుడు వచ్చింది. తర్వాత గురక లాంటిది. తర్వాత ఏమీ లేదు.

ఆ గడి తీసేద్దామని చూస్తే పాస్‌వర్డ్ అడిగింది. బామ్మర్దికి ఫోను చేసి స్పీకరులో పెట్టాను.

"కావాలనే పెట్టాను బావా. అక్క పడుకునే చోటు కదా, రేపు ఆ ఫోను ఎవరి చేతిలోనైనా పడితే? ఆడవాళ్ళుండే ఇళ్ళలో అలా మూసేయడం నా పద్ధతి. దొంగొస్తే కాయల దగ్గరికే కదా వస్తాడు?"

తప్పు పట్టడానికేమీ లేదు. నేను చెప్పిన అబద్ధానికి అతను చేసినంత మర్యాదైన పని ఇంకొకడు చేయడు. అది శనివారం. వీడియోకి మిగిలింది రెండు రాత్రులు. ఏదో ఒకటి అల్లి చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"ఒరేయ్, దొంగలూ లేరు, ఏం లేరు. నాకు రాత్రిళ్ళు ఫిట్స్ వస్తున్నాయి. డాక్టరుగారు చూడాలంట. ఆ నలుపు తీసెయ్."

అతను షాపులోంచి రోడ్డు మీదికి వచ్చినట్టున్నాడు, లారీ హారన్లు వినపడ్డాయి.

"ఎన్నాళ్ళ నుంచే?"

"రెండు నెలలు."

"బావగారికి తెలుసా?"

"ఇప్పుడిప్పుడే తెలుస్తోంది."

మధ్యాహ్నానికి వచ్చాడు. ఫోనులోనే తీసేయొచ్చట, అయినా వచ్చాడు. నల్ల గడి తీసేసి, కెమెరాని మంచం వైపు తిప్పి, ఆవిడ పడినా దెబ్బ తగలకుండా మంచం పక్కన నేల మీద పరుపు వేశాడు. అమ్మకి చెప్పనని తనే అన్నాడు. ఈసారి కాయలు తీసుకెళ్ళలేదు.

శనివారం రాత్రి ఫిట్స్ రాలేదు. ఆదివారం రాత్రి వచ్చింది వీడియోలో పడింది. ముందు ఎడమ చెయ్యి పైకి లేచింది, మెడ ఎడమకి తిరిగింది, తర్వాత ఒళ్ళంతా. నిమిషంన్నర. పక్కన చెయ్యి చాపితే అందేంత దూరంలో నేను గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాను. మధ్యలో ఒకసారి వీపు గోక్కున్నాను.

డాక్టరుగారు దాన్ని మూడుసార్లు చూశారు. "ఇదే కావలసింది" అని మాత్ర మార్చారు. నన్ను వీడియోలో గమనించే ఉంటారు.

తిరిగొస్తుంటే కార్లో ఆవిడ ఫోను అడిగింది. అప్పటిదాకా చూడలేదు. ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చివరిదాకా చూసింది.

"ఆ నైటీ పారేయాలి" అంది. కొంచెం దూరం పోయాక, "మీకు వీపు మీద పొక్కులేమైనా లేచాయా?" అంది.

"లేదు" అన్నాను.

ఆ రాత్రి ఆవిడ కొత్త మాత్ర వేసుకుంది. నేను నా మంచం జరిపి ఆవిడ మంచానికి ఆనించి, ఆవిడ వైపు తిరిగి పడుకున్నాను. పొద్దున వీడియోలో చూస్తే గోడ వైపే ఉన్నాను. ఆవిడ మాత్రం తెల్లవార్లూ కదల్లేదు. చెయ్యి కదల్లేదు, మెడ కదల్లేదు. అంత కదలకపోవడం నాకు నచ్చలేదు. వీడియో వెనక్కి జరిపి, ఫోను కళ్ళ దగ్గరికి పెట్టుకుని, దుప్పటి పైకీ కిందికీ ఆడుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నాను. వంటింట్లోంచి ఆవిడ టీ చల్లారిపోతోందని రెండోసారి పిలుస్తోంది.